మోగని డిస్కు

ఏప్రిల్ 4, 1999, ఆదివారం

ఈ ఇంట్లో నోటితో చెప్పింది ఎవరికీ వినపడదు కాబట్టి ఇక రాసుకోవడమే. ఎవరో ఏజెంటు ఇచ్చిన ఈ డైరీ జనవరి నుంచి పిండి డబ్బా మూత లేవకుండా దాని మీద బరువుగా ఉంది. ఇవాళ దీనికి యోగం పట్టింది.

మా ఆయన కొత్త వస్తువు తెచ్చాడు. డీవీడీ ప్లేయరట. అశోక్‌నగర్‌లో ఉండే ఆయన దోస్తు జగదీశ్వర్‌కి సింగపూర్ నుంచి వేరే వేరే కంపెనీలవి రెండు వచ్చాయి, ఒకటి మనకి అంటగట్టాడు. "క్యాసెట్ల జమానా ఖతం, సులోచనా. ఇగ అంత డిస్కే," అని ఆయన హాలు మధ్యలో నిలబడి ప్రకటించాడు. వినడానికి నేనూ, గోడ మీద బల్లీ ఉన్నాం.

హాల్లో ఆరేళ్లుగా ఒక నల్ల డబ్బా కొలువై ఉంది. మా తమ్ముడు రాజీవ్ మస్కట్ నుంచి విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన రిసీవర్. టీవీలో వచ్చే శబ్దాన్ని అయిదు స్పీకర్లకు పంచడం దాని ఉద్యోగం. ముందు మూడు, వెనక రెండు. వెనకవాటిలో ఒకటి సరిగ్గా నా చదువు బల్ల నెత్తిన ఉంది. కొత్త ప్లేయర్‌ని ఈ డబ్బాకే తగిలిస్తాడట.

మే 23న నాకు డిపార్ట్‌మెంటు పరీక్ష. అకౌంట్స్ పేపరు. పాసైతే సూపరింటెండెంటు. లేకపోతే రిటైరయ్యే దాకా ఇదే సీనియర్ అసిస్టెంటు కుర్చీ, దానికి ఇదే ఊగే కాలు. రెండుసార్లు తప్పాను. మొదటిసారి పరీక్ష నెలలోనే ఇంటికి కేబుల్ వచ్చింది. రెండోసారి పరీక్ష నెలలో, నేల అదిరేంత బేస్ ఇచ్చే పెద్ద పెట్టె వచ్చింది. ఇప్పుడు ఇది. నా టైము బాగుండదు, అంతే. ఆయనది చిన్నపిల్లల మనసు, బొమ్మ కనిపిస్తే ఆగలేడు. పాపం, కావాలని చేస్తాడా?

ఏప్రిల్ 5

జగదీశ్వర్ డిస్కు ఒకటి అరువిచ్చి, ముహూర్తానికి తానే వచ్చాడు. ఇంగ్లిషు సినిమా, ఓడ, తుఫాను. డిస్కు పెట్టగానే తెర మీద రెండు వరుసలు వచ్చాయి. ఏ రకం శబ్దం కావాలో ముందే ఎంచుకోవాలట. పై వరుస డీటీఎస్, కింద వరుస డాల్బీ.

"పైదే కొట్టు ఇంద్రన్నా. డీటీఎస్ అంటే టాప్. కిందిది మామూలోళ్లకు," అన్నాడు జగదీశ్వర్.

మా ఆయన పేరు ఇంద్రసేన. ఆ పేరు పెట్టుకున్న మనిషి కింద వరుస నొక్కుతాడా? పైదే నొక్కాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. శబ్దం మాత్రం చుక్క రాలేదు. ఓడ మునుగుతోంది, జనం నోళ్లు తెరిచి అరుస్తున్నారు, మాకేమో ఫ్యాను కిర్రుకిర్రు వినిపిస్తోంది. నేను టీ తెచ్చాను.

వైర్లు పీకారు, గుచ్చారు, ఊదారు. మళ్లీ పైదే నొక్కారు. మళ్లీ అంతే.

"అన్నా, డిస్కుల ఏం లేదు. మా ఇంట్ల కొత్త రిసీవర్‌కి పెడితే గోడలు ఊగుతున్నయి. నీ డబ్బానే పాతది," అని జగదీశ్వర్ తీర్పు చెప్పాడు.

"వీళ్ల తమ్ముడు తెచ్చిండు గదా, ఇంతకన్న ఏముంటది," అన్నాడు మా ఆయన. ఆరేళ్లు ఆ డబ్బా ముందు కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

తర్వాత శపథం. "ఈ డిస్కు మోగే దాంక ఇంకో క్యాసెట్ ముట్ట. టీవీ గూడ పెట్ట." ఎవరూ అడగలేదు, తనే పట్టాడు.

ఏప్రిల్ 6

శపథం నడుస్తోంది. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండగలదని నాకు ఈ వయసులో తెలిసింది. ప్రయాణ భత్యాల చాప్టరు మొత్తం చదివాను.

ఏప్రిల్ 9

ఆయన వైరు కొనడానికి కోఠీ వెళ్లాడు. ప్లేయరుతో వచ్చిన పుస్తకం అట్టపెట్టెలోనే, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా పడి ఉంది. "బుక్కు చూసి వైర్లు పెట్టేటోడు మగోడేనా," అన్నాడు మొన్న. నేను మగవాణ్ని కాదు కనుక కవరు చింపాను.

మా పరీక్షకు పుస్తకాలు తీసుకెళ్లి చూసి రాయొచ్చు. బయటవాళ్లు నవ్వుతారు, అదేం పరీక్షని. పుస్తకం ఎదురుగా ఉన్నా ఏ రూలు ఎక్కడుందో తెలియక మునిగిపోతాం, అదీ పరీక్ష. వెనక సూచికలో మాట పట్టుకోవాలి, పేజీ పట్టుకోవాలి, అసలు రూలు కింద సన్న అక్షరాల్లో ఉండే మినహాయింపు పట్టుకోవాలి. రెండుసార్లు తప్పినా ఆ అలవాటు మాత్రం వచ్చింది. సూచికలో "శబ్దం రాకపోతే" దగ్గర వేలు పెట్టి, చెప్పిన పేజీకి వెళ్లాను. కింద సన్న అక్షరాల్లో ఉండనే ఉంది.

డీటీఎస్‌ని విప్పే ఏర్పాటు కొత్త రిసీవర్లలోనే ఉంటుందట. పాతవాటికి ఎర్ర వైరు, తెల్ల వైరు పెట్టినవాళ్లు డీటీఎస్ ఎంచుకుంటే ఏమీ వినపడదు. వాళ్లు డాల్బీయే నొక్కాలి. అంటే రెండో వరుస. అంతే. ప్లేయరు మంచిదే, డిస్కు మంచిదే, రాజీవ్ డబ్బాకు ఏ రోగమూ లేదు. రోగమంతా పైదే కావాలనే దాంట్లో ఉంది.

రాగానే చెబుదామనుకున్నాను. వైరు చుట్ట భుజానికి తగిలించుకుని వచ్చాడు. "ఏమండీ, అందులో..." అన్నానో లేదో, "నీకేం తెల్వదు, జర జరుగు," అన్నాడు.

జరిగాను.

ఏప్రిల్ 10

ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. పెన్షన్ రూల్స్ సగం అయ్యాయి.

ఏప్రిల్ 14

ఆఫీసులో నా పక్క సీటు ప్రభావతి. నారాయణగూడలో ఉంటుంది. నాకంటే చిన్నది, నిరుడే ఈ పేపరు పాసైంది. ఈసారి చదువు బాగా సాగుతోందని చెప్పాను. ఎందుకు సాగుతోందో కూడా చెప్పాను. పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "సులోచనక్కా, ఒక్క మాట. ప్రతిసారి నీ పరీక్షకే ఎందుకొస్తయి మీ ఇంటికి కొత్త డబ్బాలు?" అంది.

అదేం ప్రశ్న. దసరాకి కూడా ఒక మిక్సీ వచ్చింది.

ఆయన కూడా ఇదే పేపరు ఒకప్పుడు రాశాడు, వాళ్ల డిపార్ట్‌మెంటులో. తప్పాడు. "పరీక్షలు రాసేది పని రానోళ్లు," అని వదిలేశాడు. ఇది ఇక్కడ ఎందుకు రాశానో నాకే తెలియదు.

ఏప్రిల్ 18, ఆదివారం

వాస్తు ఆయన వచ్చాడు. దోమలగూడ రామచంద్రయ్య గారు. ఈ మధ్య ఊళ్లో బిడ్డకు జలుబు చేసినా వాస్తు వాళ్లనే పిలుస్తున్నారు, డిస్కు మోగకపోతే పిలవరా? దిక్సూచి తీసి హాలంతా తిరిగి, నల్ల డబ్బా దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు.

"ఈశాన్యంల ఇంత బరువు పెట్టిన్రు. శబ్దమంటే ఆకాశం. ఆకాశం మీద బండ పెడితే ఎట్ల పలుకుతది సార్?"

మా ఆయన ముఖం వెలిగిపోయింది. డబ్బా, టీవీ, స్పీకర్లు, బేస్ పెట్టె అన్నీ నైరుతికి మారాయి. నా నెత్తి మీది స్పీకరు వంటింటి గుమ్మం పక్కకు పోయింది. నా బల్లకు ఎక్కడా చోటు మిగలక కిటికీ దగ్గరికి నెట్టారు. వెలుతురు, గాలి, రాంనగర్ వైపు నుంచి వచ్చే చల్లటి సాయంత్రం. అంతా అయ్యాక డిస్కు పెట్టి మళ్లీ పైదే నొక్కాడు. ఆకాశం పలకలేదు. ఈ ఇంట్లో వాస్తు వల్ల బాగుపడింది నా బల్ల ఒక్కటే.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నాడు. గోరు నా దగ్గర ఉంది.

ఏప్రిల్ 25

ఇవాళ మనసు బాగా లేదు.

రాజీవ్ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. ఆయనే ఎత్తాడు. "ఏం బామ్మర్దీ, ఏ పాత సామాన్ల కబాడీల కొన్నవయ్యా ఈ డబ్బా? నలుగుట్ల నా ఇజ్జత్ పోతున్నది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఫోను నాకిచ్చాడు. రాజీవ్ మెల్లగా, "అక్కా, మొదటి జీతంతోని కొన్ననే. మంచిదే అని చెప్పిన్రు," అన్నాడు.

నోటి దాకా వచ్చింది. రెండో వరుస నొక్కండి. మూడు మాటలు. తమ్ముడి పరువు వెంటనే నిలబడుతుంది. ఆ వెంటనే ఓడ మునగడం మొదలవుతుంది, తెల్లారి నుంచి జగదీశ్వర్ మా సోఫాలోనే ఉంటాడు, నేను మళ్లీ తప్పుతాను. నాకు సిగ్గుగా ఉంది. అయినా చెప్పలేదు. పరీక్ష అయ్యే దాకా ఓర్చుకో రాజీవ్. నీ డబ్బా మంచిదే.

మే 2

ఆయన నా కోసం ఒక వస్తువు తెచ్చాడు. మెడికల్ షాపులో కొన్న దూది పొట్లం, నీలం కాగితంలో చుట్టింది. "డిస్కు మోగినంక నీకు పనికొస్తది. చెవుల్ల పెట్టుకొని చదువుకో," అన్నాడు.

నా చదువు ఆయనకు గుర్తుంది. అది చాలు. అల్మారాలో చీరల పక్కన పెట్టాను.

మే 8

కోఠీ, ఆబిడ్స్, మళ్లీ కోఠీ. వైర్లతో హాలు నిండింది. మామిడికాయ తొక్కు పెట్టాను. ఆయనకు ఉప్పు ఎక్కువైందట. నాకు సరిపోయింది.

మే 12

ఇవాళ ఆయన కొత్త ఏర్పాటు ఒకటి చెప్పాడు. వచ్చే వారం శనివారం, అంటే 22న, జగదీశ్వర్ తన కొత్త రిసీవర్‌ని మా ఇంటికి తెచ్చి తగిలిస్తాడు. డిస్కు మోగితే తప్పు పాత డబ్బాదేనని తేలిపోతుంది, దాన్ని అమ్మేసి కొత్తది కొంటాడు. వాడకట్టు వాళ్లను, ఆఫీసు వాళ్లను పిలిచేశాడు. శనివారం సాయంత్రం ఒక ఆట, రాలేనివాళ్లకు ఆదివారం పొద్దున ఇంకో ఆట. నేను బజ్జీలు వేయాలి.

"23 నా పరీక్ష," అన్నాను.

"అవునా? నాకెట్ల యాదికుంటది? దూది ఉన్నది గదా," అన్నాడు.

పాపం, మరిచిపోయి ఉంటాడు.

మే 13

మరిచిపోలేదు.

వంటింట్లో క్యాలెండరు ఉంది. మార్చిలోనే 23 చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద సున్నా చుట్టి, "పరీక్ష" అని రాశాను. రోజూ పొద్దున ఆయన రాహుకాలం చూసుకునేది ఆ క్యాలెండర్లోనే. మే నెల తిప్పింది కూడా ఆయనే. ఇవాళ పాలు కాస్తూ దాన్నే చూస్తూ నిలబడ్డాను. పాలు పొంగిపోయాయి.

కేబుల్, బేస్ పెట్టె, డిస్కు. ప్రభావతి అడిగినప్పుడే తెలుసు నాకు. మిక్సీ పేరు చెప్పి తప్పించుకున్నాను. పదిహేడేళ్ల కాపురంలో ఆయన్ని చిన్నపిల్లాడు, చిన్నపిల్లాడు అని నేనే పెంచాను. చిన్నపిల్లాడు కాదు. నేను ఆయన కంటే పెద్ద కుర్చీలో కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు. నోటితో వద్దనే ధైర్యం లేదు. అందుకే స్పీకర్లతో అంటున్నాడు.

కోపంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది, కానీ పెన్షన్ రూల్స్ ఇంకా కొన్ని మిగిలాయి.

మే 21

పుస్తకాలు సర్దుకున్నాను. రేపు పొద్దునే బజ్జీల పిండి కలిపిపెట్టి నారాయణగూడ వెళ్లిపోతాను, ప్రభావతి ఇంటికి. అక్కడి నుంచే పరీక్షకు. ఆయనతో చెప్పాను. "మంచిదే, ఫ్రీగ చదువుకో," అన్నాడు. చాలా సంతోషంగా అన్నాడు.

మే 22

ప్రభావతి ఇంట్లో. బ్యాగు ఎందుకో బరువుగా ఉంది.

మే 23, ఆదివారం

వరుసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

పరీక్ష హాలు గుమ్మంలో ఒకాయన అందరి బ్యాగులూ తెరిచి చూస్తున్నాడు. నా పుస్తకాలు ఒక్కొక్కటే తీశాడు. ఆఖరి రెండింటి మధ్యలోంచి నల్లటి రిమోట్ బయటికొచ్చింది. మా డీవీడీ రిమోట్.

"ఇదేందమ్మా?"

"పుస్తకాలు తెచ్చుకోవచ్చన్నారు కదా," అన్నాను. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆయన దాన్ని తిప్పి చూసి, బల్ల మీద తన టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకున్నాడు. "పోయేటప్పుడు తీస్కపోండి," అన్నాడు.

అది పుస్తకాల మధ్యకు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. సర్దేటప్పుడు హాల్లో అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వైర్లు, పుస్తకాలు, అన్నీ.

పేపరు బాగా రాశాను. సూచికలో వేలు పెట్టడం, పేజీ తీయడం, మినహాయింపు పట్టుకోవడం. చేతులు వాటంతటవే కదిలాయి.

ఇంటికొచ్చేసరికి హాలు ఇల్లు ఖాళీ చేసినట్టుంది. సోఫా తిరగేసి ఉంది, పరుపు గోడకు ఆనించి ఉంది. పక్కింటి సుబ్బులు మెట్ల దగ్గరే పట్టుకుని నిన్నటి సంగతంతా చెప్పింది. హాలు నిండా జనం. జగదీశ్వర్ కొత్త రిసీవర్, కొత్త వైరు, కొబ్బరికాయ కూడా కొట్టారు. డిస్కు పెట్టారు, తెర మీద రెండు వరుసలు వచ్చి నిలబడ్డాయి. ఏదో ఒకటి నొక్కాలంటే రిమోట్ కావాలి. రిమోట్ లేదు. జగదీశ్వర్ ప్లేయరు వేరే కంపెనీది, దాని రిమోట్ దీనికి పనిచెయ్యదట. సోఫా కింద, ఫ్రిజ్ కింద, బియ్యంలో కూడా చూశారట. బజ్జీలు అయిపోయేదాకా ఆ రెండు వరుసలనే చూసి, "మల్లెప్పుడన్న వస్తం అన్నా," అని జనం లేచిపోయారట. ఆదివారం ఆట కూడా ఆగిపోయింది, జగదీశ్వర్ ఇవాళ పొద్దున వచ్చి తన రిసీవర్ తీసుకుని ఆటోలో వెళ్లిపోయాడు.

మా ఆయన నేల మీద కూర్చుని పాత డబ్బాకు వైర్లు తగిలిస్తున్నాడు. నేను రిమోట్ తీశాను. ఎక్కడిదని ఆయన అడిగేలోపే డిస్కు పెట్టి, రెండో వరుస నొక్కాను.

రాజీవ్ డబ్బా మోగింది. అయిదు స్పీకర్లూ మోగాయి. అల ఒకటి వచ్చి హాల్లో పడింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు, వంటింటి గుమ్మం పక్కన పిడుగు పడింది మరి.

చాలాసేపు డబ్బాను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"రెండో వరుస సంగతా? ఏప్రిల్ నుంచి."

"మరి చెప్పకపోతివి?"

"మీకు 23 సంగతి ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

ఆయన క్యాలెండరు ఉన్న గోడ వైపు చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. తెరిచిన నోటి నుంచి శబ్దం రాకపోవడం మా ఇంట్లో కొత్తేం కాదు. నేను స్నానానికి వెళ్లాను.

మే 24

రాజీవ్‌కి ఫోన్ చేయించాను, ఆయనతోనే. "బామ్మర్దీ, డబ్బా ఫస్ట్ క్లాసుంది," అన్నాడు. పక్కనే నిలబడి విన్నాను.

ఆగస్టు 20, శుక్రవారం

పాసయ్యాను.

ప్రభావతి ఆఫీసులో లడ్డూలు పంచింది. ఇంటికొస్తే మెట్ల మీదే మా ఆయన గొంతు వినిపించింది. సుబ్బులు వాళ్లాయనకు చెబుతున్నాడు. "ఊకెనే అయితదా? నెలన్నర టీవీ బంద్ పెట్టిన. ఇంట్ల ఒక్క సప్పుడు రానియ్యలే. గందుకే పాసైంది."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నా బాధ.

అక్టోబర్ 10, ఆదివారం

కొత్త కుర్చీ బాగుంది. కాళ్లు నాలుగూ నేల మీదే ఉన్నాయి.

ఆయన నవంబర్ పరీక్షకు ఫీజు కట్టాడు. అదే పేపరు. నా పుస్తకాలే, కిటికీ దగ్గర నా బల్లే. "చూసి రాసుడే గదా," అన్నాడు మొదటిరోజు. ఇవాళ పొద్దున సూచిక ముందుంటుందా వెనక ఉంటుందా అని అడిగాడు. చెప్పాను. అడిగాడు కదా, చెప్పాను.

మధ్యాహ్నం నాకు పనేమీ లేదు. సోఫా నడుమ కూర్చున్నాను. అయిదు స్పీకర్లూ సమానంగా వినిపించే చోటు అదొక్కటేనని ఇన్నేళ్లు ఆయన ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. ఓడ సినిమా పెట్టాను, రెండో వరుస నొక్కాను. దాన్ని మొదటి నుంచి చూడటం నాకు ఇదే మొదలు. గాలి వెనక నుంచి వచ్చింది. వాన వీపు మీదే పడుతున్నట్టుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. దీని కోసం మనిషి పిచ్చివాడయ్యాడంటే అర్థముంది. ఇంకాస్త పెంచాను.

"సులోచనా, జర తగ్గియ్యరాదే. పరీక్ష ఉన్నది గదా నాకు," అన్నాడు బల్ల దగ్గరి నుంచి.

లేచాను. ఆయన ముఖం విప్పారింది. అల్మారా తెరిచి, చీరల పక్క నుంచి నీలం కాగితం పొట్లం తీసి, ఆయన తెరిచిపెట్టుకున్న పేజీ మీద పెట్టి, వచ్చి నా చోట్లో కూర్చున్నాను.

ఓడ ఇంకా మునగలేదు.